పల్లకీ మోసేది ఎవరు? టెక్సస్ లాంగ్‌హార్న్స్ 2025 సీజన్‌పై చర్చ

ఆస్టిన్ గడప · 19 ఆగస్టు 2025, రాత్రి 9:10

నమస్కారం. ఆగస్టు 30న కొలంబస్‌లో ఒహాయో స్టేట్‌తో మన టెక్సస్ విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ మొదలవుతుంది. మ్యాచ్‌లు మొదలయ్యాక అరుపులకే సమయం చాలదు కనుక, కాస్త నిదానంగా మాట్లాడుకోవడానికి వీలున్న ఈ పది రోజుల్లోనే చర్చ తెరుస్తున్నాను.

ఆగస్టు 11న వెలువడిన ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) ర్యాంకుల్లో టెక్సస్‌కు మొదటి స్థానం దక్కింది. సీజన్‌కు ముందే ర్యాంకులు ఇచ్చే ఆనవాయితీ 1950లో మొదలైంది. అప్పటి నుంచి ఇప్పటి వరకు మన విశ్వవిద్యాలయానికి ఆ స్థానం ఒక్కసారీ రాలేదు. మొదటి స్థానానికి మనకు వచ్చిన ఓట్లు 25, పెన్ స్టేట్‌కు 23, ఒహాయో స్టేట్‌కు 11. సంతోషించదగిన విషయమే, కాదనను. అయితే పత్రికల్లో కనిపిస్తున్న వ్యాసాల్లో నూటికి తొంభై మన కొత్త క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ఆర్చ్ మానింగ్ గురించే. తాత ఆర్చీ, చిన్నాన్నలు పేటన్, ఈలై అంటూ క్వార్టర్‌బ్యాక్‌ల వంశవృక్షం చదివి, చివరికి ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ దగ్గర ఆగుతున్నాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

నా దిగులు మానింగ్ గురించి కాదు, అతని ముందు నిలబడే ఐదుగురి గురించి. నిరుడు ఆడిన ఆఫెన్సివ్ లైన్‌లో (క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరుస: మధ్యలో సెంటర్, అతని పక్కన గార్డ్‌లు, చివరల్లో టాకిల్స్) నలుగురు వెళ్లిపోయారు. ఎడమ టాకిల్ కెల్విన్ బ్యాంక్స్‌ను, వృత్తి జట్లు ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ తొమ్మిదో ఎంపికగా తీసుకుంది. హేడెన్ కానర్, కామెరాన్ విలియమ్స్ ఆరో రౌండ్‌లో వెళ్లారు. సెంటర్ జేక్ మేజర్స్ చదువు కాలం పూర్తయింది. మిగిలిన పాత కాపు కుడి గార్డ్ డి.జె. క్యాంప్‌బెల్ ఒక్కడే. పెళ్లికొడుకు ఎంత అందగాడైనా, బోయీలు తడబడితే పల్లకీ నేలను తాకుతుంది.

జనవరి 10న ఆర్లింగ్టన్‌లో ఒహాయో స్టేట్‌తో జరిగిన సెమీఫైనల్‌ను నేను ఇంకా మరిచిపోలేకపోతున్నాను. 21-14తో వెనుకబడి ఉన్నాము, బంతి గోల్ లైన్‌కు ఒక్క గజం దూరంలో ఉంది, చేతిలో నాలుగు ప్రయత్నాలు ఉన్నాయి. మొదటిసారి సూటిగా గుద్దితే కదలలేదు. రెండోసారి బంతిని పక్కకు విసిరి మన పరుగువాడు విజ్నర్‌ను అంచు నుంచి పంపబోతే 7 గజాలు వెనక్కి పోయాము. మూడోసారి పాస్ అందలేదు. నాలుగోసారి వారి జాక్ సాయర్ దూసుకొచ్చి, మన నిరుటి క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ చేతిలోని బంతిని ఊడగొట్టి, దానిని తానే అందుకుని 83 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ (బంతిని గోల్ లైన్ దాటించడం) చేశాడు. యూవర్స్ ఒహాయో స్టేట్‌లో చదివిన కొద్ది నెలలూ ఆ సాయర్‌తోనే ఒకే గదిలో ఉన్నాడన్నది ఇందులోని కొసమెరుపు. ఒక్క గజం గెలవలేని జట్టు కప్పు గెలవదు. ఈ ఏడాది ఆ ఒక్క గజం గెలుస్తామా అన్నదే నా ప్రశ్న.


కొలంబస్ చలి · 19 ఆగస్టు 2025, రాత్రి 10:02

గడప గారికి నమస్కారం. అవతలి గట్టు మనిషినైనా మాట్లాడనిస్తారని నమ్ముతున్నాను.

ఆ నాలుగు ప్రయత్నాలు టెక్సస్ వారికి శిలాశాసనంలా గుర్తుండిపోయాయి కానీ, అదే మ్యాచ్‌లో మొదటి సగం మరో 29 సెకన్లలో ముగుస్తుందనగా మా ట్రెవియాన్ హెండర్సన్ ఒక చిన్న స్క్రీన్ పాస్ అందుకుని 75 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేసిన సంగతిని ఎవరూ ఎత్తరు. అప్పటి వరకు స్కోరు 7-7. మిమ్మల్ని ఓడించింది ముందు వరుస ఒక్కటే కాదు, ఆ ఒక్క క్షణపు ఏమరుపాటు కూడా.

ఇక మా సంగతి. ఛాంపియన్లమే కానీ మా నుంచీ 14 మంది డ్రాఫ్ట్‌లో వెళ్లారు. రక్షణ వ్యూహాలు చూసిన జిమ్ నోల్స్ పెన్ స్టేట్‌కు మారితే, ఆయన స్థానంలోకి ఎన్.ఎఫ్.ఎల్. (వృత్తి ఫుట్‌బాల్ లీగ్)లో సుదీర్ఘ అనుభవం ఉన్న మ్యాట్ పాట్రిషియా వచ్చారు. నిన్ననే జూలియన్ సేయిన్‌ను క్వార్టర్‌బ్యాక్‌గా ప్రకటించారు. మ్యాచ్‌ను మొదటి నుంచి ఆడటం అతనికి ఇదే తొలిసారి. కనుక ఆ మధ్యాహ్నం ఇద్దరు కొత్తవాళ్లు తలపడతారు. తేడా ఏమిటంటే, సేయిన్ తడబడినప్పుడు బంతిని గాలిలోకి విసిరితే చాలు, అందుకోవడానికి జెరెమయా స్మిత్ ఉన్నాడు. మానింగ్ తడబడితే వెనుక కాచుకుని మా రక్షకుడు కేలబ్ డౌన్స్ ఉంటాడు.

పాట్రిషియా మా కుర్రాళ్లను ఎలా నిలబెడతారో తెలిపే వీడియో మీ ప్రధాన కోచ్ సార్కీసియన్ దగ్గర ఒక్కటీ లేదు. మొదటి మ్యాచ్‌లో అది చిన్న లాభం కాదు.


కొత్త విద్యార్థి · 20 ఆగస్టు 2025, ఉదయం 8:15

అందరికీ నమస్కారాలు. నేను ఈ నెలలోనే ఎం.ఎస్. కోసం ఆస్టిన్ వచ్చాను. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగను. విద్యార్థుల టికెట్ కొనమని అందరూ చెబుతున్నారు. నాకున్న సందేహం చిన్నది: బంతి విసిరేవాడు ఒకడు, పట్టేవాడు ఒకడు అయినప్పుడు, బంతిని ముట్టుకోని ఆ ఐదుగురి గురించి ఇంత చర్చ ఎందుకు? మానింగ్ ఇప్పటి వరకు నిజంగా ఏమి ఆడాడు?


ఫ్రిస్కో నాన్న · 20 ఆగస్టు 2025, ఉదయం 9:40

బాబూ, ఆస్టిన్‌కు స్వాగతం. మంచి ప్రశ్న అడిగావు.

కబడ్డీ చూసే ఉంటావు కదా. రైడర్‌ను పట్టడానికి చేతులు కలిపి గొలుసు కడతారు. అందులో ఒక్కరి చెయ్యి జారినా రైడర్ గీత దాటిపోతాడు. ఇక్కడా గొలుసే, కాకపోతే కట్టేది బంతి ఉన్నవాడిని కాపాడటానికి. ఒక్కొక్కరు సుమారు 140 కిలోల బరువున్న ఐదుగురు, ఎదుటివారు ఎటు నుంచి వస్తారో మాటల్లో చెప్పుకునే వ్యవధి లేకుండా, ఒకరి అడుగును బట్టి మరొకరు కదలాలి. క్వార్టర్‌బ్యాక్‌కు దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. అందులో అర సెకను తగ్గితే పేటన్ మానింగ్ అయినా నేల కరవవలసిందే. బలం ఒక్క వేసవిలో పెంచుకోవచ్చు. పక్కవాడి అడుగు తెలియడానికి మాత్రం కలిసి ఆడిన మ్యాచ్‌లు కావాలి.

ఇక ఆర్చ్ మానింగ్. నిరుడు అతను మొదటి నుంచి ఆడినవి రెండే మ్యాచ్‌లు, లూయిజియానా-మన్రోపైన ఒకటి, మిసిసిపీ స్టేట్‌పైన ఒకటి. మొత్తం సీజన్‌లో 90 పాస్‌లు విసిరి 61 అందించాడు. 939 గజాలు, 9 టచ్‌డౌన్లు, 2 ఇంటర్‌సెప్షన్లు (విసిరిన బంతి ఎదుటివారి చేతిలో పడటం). ఆ రెండు ఇంటర్‌సెప్షన్లూ మన్రో మ్యాచ్‌లోనివే. యూ.టి.ఎస్.ఏ. (శాన్ ఆంటోనియోలోని టెక్సస్ విశ్వవిద్యాలయం) మ్యాచ్‌లో యూవర్స్ గాయపడినప్పుడు మధ్యలో దిగి, 67 గజాలు తానే పరుగెత్తి చేసిన టచ్‌డౌన్ వీడియో ఒకసారి చూడు. ఇద్దరు చిన్నాన్నలకూ లేని కాళ్లు ఇతనికున్నాయి. ముందు వరుస తడబడినా యూవర్స్ కంటే ఇతను ఎక్కువసార్లు తప్పించుకోగలడని నేను ధైర్యంగా ఉండటానికి కారణం అదే.

గడప గారు బోయీల గురించి రాసింది నిజమే కానీ, కాస్త ఎక్కువ నలుపు పూశారని అనిపిస్తోంది. ఎడమ టాకిల్‌గా వస్తున్న ట్రెవర్ గూస్బీ, బ్యాంక్స్ గాయపడినప్పుడు ఎస్.ఈ.సి. (మనం ఆడే ఆగ్నేయ ప్రాంత జట్ల సమాఖ్య) ఫైనల్‌లో జార్జియా ఎదుట నిలబడ్డాడు. సెంటర్‌గా చెబుతున్న కోల్ హట్సన్ 2022లో మొదటి ఏడాదే గార్డ్‌గా సీజన్ పొడవునా ఆడినవాడు. వీరిని తీర్చిదిద్దే కైల్ ఫ్లడ్ మారలేదు. నా కళ్లు ఎడమ గార్డ్ మీద, కుడి టాకిల్ మీద ఉంటాయి.

నాకు ఇంకొక లెక్క ఎక్కువ భయం కలిగిస్తోంది. సెప్టెంబరు 20న శామ్ హ్యూస్టన్‌తో ఆస్టిన్‌లో ఆడతాము. ఆ తరువాత మళ్లీ ఆస్టిన్‌లో ఆడేది నవంబరు 1న, వాండర్‌బిల్ట్‌తో. నడుమ 42 రోజులు. ఆ వ్యవధిలో గెయిన్స్‌విల్‌లో ఫ్లోరిడా, డాలస్‌లో ఓక్లహోమా, లెక్సింగ్టన్‌లో కెంటకీ, స్టార్క్‌విల్‌లో మిసిసిపీ స్టేట్, వరుసగా నాలుగు శనివారాలు బయటే. స్టార్క్‌విల్‌లో జనం ఆవు మెడలో కట్టే గంటలు తెచ్చి మోగిస్తారు. ఆ చప్పుడులో సెంటర్ పిలుపు పక్కనున్న గార్డ్‌కు కూడా వినబడదు. కొత్త వరుసకు అసలైన పరీక్ష కొలంబస్ కాదు, ఈ అక్టోబరు.


మెరూన్ చొక్కా · 20 ఆగస్టు 2025, మధ్యాహ్నం 1:25

కాలేజ్ స్టేషన్ నుంచి టెక్సస్ ఏ అండ్ ఎం అభిమాని నమస్కారం. నవంబరు 28న మేమూ ఆస్టిన్ వస్తున్నామని గుర్తు చేయడానికి వచ్చాను. చింత చచ్చినా పులుపు చావదని మీరు నవ్వుకోవచ్చు.

అందరూ ఆఫెన్సివ్ లైన్ గురించే మాట్లాడుతున్నారు. ఎదురు వరుస (డిఫెన్సివ్ లైన్) మధ్యలో పడిన గుంత గురించి ఒక్కరూ రాయలేదు. నిరుడు మా కైల్ ఫీల్డ్ స్టేడియంలో మీరు మమ్మల్ని 17-7తో ఓడించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పదమూడేళ్ల తరువాత జరిగిన మ్యాచ్ కనుక తెల్లవారినప్పటి నుంచే ఊరంతా రోడ్ల మీద ఉంది. ఆ రాత్రి మా పరుగు ఆటను ఆపింది మీ అంచుల్లోని కుర్రాళ్లు కాదు, నడుమ గోడలా నిలబడిన ఆల్‌ఫ్రెడ్ కాలిన్స్, వెర్నన్ బ్రాటన్. కాలిన్స్ రెండో రౌండ్‌లో, బ్రాటన్ మూడో రౌండ్‌లో వెళ్లిపోయారు. అంతకు ముందటి ఏడాది వెళ్లిన టి'వాండ్రె స్వెట్, బైరన్ మర్ఫీలను కూడా కలుపుకుంటే, రెండేళ్లలో ఆ నడిమి స్థానాల నుంచి నలుగురు డ్రాఫ్ట్ అయ్యారు. పేరున్న బావి అయినా ఊట ఆగకుండా ఉండదు.

వారి స్థానంలో పర్డ్యూ నుంచి, నార్త్ కరోలినా నుంచి, సిరక్యూస్ నుంచి, ఒహాయో స్టేట్ నుంచి మనుషులను తెచ్చుకున్నారు. నాలుగు ఊళ్ల వంటవాళ్లతో పెళ్లి భోజనం వండిస్తున్నట్టుంది. బాగానే కుదరవచ్చు, మొదటి పంక్తిలో ఉప్పు చూసేదాకా ఎవరికి తెలుస్తుంది?


ఆస్టిన్ గడప · 20 ఆగస్టు 2025, సాయంత్రం 6:50

మెరూన్ గారు చెప్పినది న్యాయమైన మాట. నేను రాయకపోవడం పొరపాటే.

అయినా ఆ గుంత మీద రెండు గట్టి పలకలు పరచి ఉన్నాయని మనవి. లైన్‌బ్యాకర్ ఆంథనీ హిల్ నిరుడు 113 టాకిల్స్ (బంతి ఉన్నవాడిని పడగొట్టడం), 8 సాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేశాడు. కాలిన్ సిమన్స్ కాలేజీలో అడుగుపెట్టిన మొదటి ఏడాదే 9 సాక్‌లు చేశాడు. వెనుక మైకేల్ టాఫ్ ఉన్నాడు. ఈ ఆస్టిన్ కుర్రాడు స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా జట్టులో చేరి, సేఫ్టీ (అందరి వెనుక కాచే రక్షకుడు) స్థానాన్ని తనది చేసుకున్నాడు. మీరు ఎవరిని పొగిడినా అభ్యంతరం లేదు, నాకు మాత్రం ఈ జట్టులో అందరికంటే ఇష్టమైన ఆటగాడు అతనే. జాడే బారన్ వెళ్లిపోయిన లోటు పెద్దదే. దేశంలోనే ఉత్తమ డిఫెన్సివ్ బ్యాక్‌కు ఇచ్చే థోర్ప్ పురస్కారం గెలిచినవాడి స్థానాన్ని ఒక్కరితో పూడ్చలేము. అయినా రక్షణ వ్యూహాలు చూసే పీట్ క్వియాట్‌కౌస్కీ 2021 నుంచి సార్కీసియన్‌తోనే ఉన్నారు కనుక, పద్ధతి కొత్తది కాదు, మనుషులే కొత్తవారు.

ఆ మొదటి ఏడాది మనం 5-7 (5 గెలుపులు, 7 ఓటములు) అన్న సంగతి ఇప్పుడు చాలామందికి గుర్తులేదు. తరువాత 8-5, 12-2, 13-3. గత రెండేళ్లూ సెమీఫైనల్‌లోనే ఆగిపోయాము. మొదట వాషింగ్టన్ చేతిలో 37-31, తరువాత ఒహాయో స్టేట్ చేతిలో 28-14. గడప దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చినవారికి, ఈసారి లోపల అడుగుపెట్టకపోతే మొదటి ర్యాంకు అవమానంగానే మిగులుతుంది. చివరిసారి మనం కప్పు గెలిచింది 2005 సీజన్‌లో. విన్స్ యంగ్ పరుగెత్తిన ఆ రాత్రికి వచ్చే జనవరితో ఇరవై ఏళ్లు నిండుతాయి.


టెంపే ఎండ · 20 ఆగస్టు 2025, రాత్రి 8:05

అరిజోనా స్టేట్ పూర్వ విద్యార్థిని. ఒక్క మాట చెప్పి వెళ్తాను. ఇంతమంది ఇంత రాశారు, కిక్కర్ పేరు ఎవరూ ఎత్తలేదు.

జనవరి 1న మాతో ఆడిన పీచ్ బౌల్ మ్యాచ్‌లో చివరి రెండు నిమిషాల్లో మీ బెర్ట్ ఆబర్న్ రెండు ఫీల్డ్ గోల్‌లు (బంతిని తన్ని స్తంభాల నడుమ నుంచి పంపితే వచ్చే మూడు పాయింట్లు) తప్పాడు. రెండోది 38 గజాలే, స్తంభానికి తగిలింది. మా ఇంట్లో పదిమందిమి ఒక్కసారిగా లేచి నిలబడ్డాము. తరువాత మొదటి అదనపు సమయంలో నాలుగో ప్రయత్నంలో 13 గజాలు కావలసి ఉండగా యూవర్స్ విసిరిన బంతిని మాథ్యూ గోల్డెన్ పట్టుకున్నాడు, మీరు 39-31తో బయటపడ్డారు. ఆ ఏడాది ఆబర్న్ 25 ప్రయత్నాలకు 16 మాత్రమే సాధించాడు. ఇప్పుడు టెక్సస్ స్టేట్ నుంచి మేసన్ షిప్లీ వస్తున్నాడు. ఒక్క గజం గెలవలేనప్పుడు మూడు పాయింట్లైనా తేగలవాడు కావాలి కదా.


కూకట్‌పల్లి రాత్రిబడి · 21 ఆగస్టు 2025, ఉదయం 7:30 (భారత కాలమానం)

పదేళ్ల క్రితం ఆస్టిన్‌లో చదువుకుని తిరిగి వచ్చినవాడిని. ఒహాయో మ్యాచ్ కొలంబస్‌లో మధ్యాహ్నం పన్నెండుకు కనుక ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకే మొదలవుతుంది. మాకు ఇది పండగే; మిగిలిన సీజన్‌లో చాలావరకు తెల్లవారుజామున దొంగల్లా లేచి చూడవలసినదే. టెక్సస్‌కు ఏపీలో మొదటి ర్యాంకు వచ్చిందని ఇంట్లో చెబితే, మా మేనమామ ‘అమరావతికి ఆ ఊరితో ఏమి సంబంధం?’ అని అడిగారు. అసోసియేటెడ్ ప్రెస్ అని వివరించేసరికి కాఫీ చల్లారింది.

ఆ ర్యాంకు విలువెంతో కూడా అనుకోవాలి. సీజన్‌కు ముందు మొదటి స్థానంలో ఉండి, చివరికి కప్పు కూడా గెలిచిన ఆఖరి జట్టు 2017 నాటి అలబామా. దానికి ముందు 2004 నాటి యూ.ఎస్.సి. (సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం). అరవై పైచిలుకు పాత్రికేయుల ముందస్తు అంచనాకు అంతకు మించిన బరువు ఇవ్వనవసరం లేదు. పైగా పన్నెండు జట్ల ప్లేఆఫ్ వచ్చాక ఒకటి, రెండు ఓటములు ప్రాణాంతకం కావు. నిరుడు ఒహాయో స్టేట్ రెండు మ్యాచ్‌లు ఓడి, అందులో ఒకటి సొంతగడ్డ మీద మిషిగన్ చేతిలో ఓడి కూడా ఛాంపియన్ అయింది. కనుక కొలంబస్‌లో ఓడినంత మాత్రాన గుండెలు బాదుకోవద్దని ముందే మనవి చేస్తున్నాను.

నన్ను నిద్రపోనివ్వని తేదీ నవంబరు 15. జార్జియా విశ్వవిద్యాలయంతో, వారి సొంత ఊరు ఏథెన్స్‌లో మ్యాచ్.


కొలంబస్ చలి · 21 ఆగస్టు 2025, ఉదయం 11:20

మిషిగన్ ప్రస్తావన లేకుండా కూడా ఆ వాక్యం పూర్తయ్యేది. అయినా నిజం నిజమే, తలవంచుతున్నాను.


ఫ్రిస్కో నాన్న · 21 ఆగస్టు 2025, సాయంత్రం 5:45

రాత్రిబడి గారు సరైన తేదీ పట్టుకున్నారు. నిరుడు మూడు ఓటముల్లో రెండు జార్జియా చేతిలోనివే. అక్టోబరులో ఆస్టిన్‌లో 30-15తో ఓడినప్పుడు నేను పై అంతస్తులో కూర్చుని ఉన్నాను. మొదటి సగంలోనే ముందు వరుస కూలిపోతే యూవర్స్‌ను పక్కన పెట్టి మానింగ్‌ను కొంతసేపు ఆడించారు. అతని పరిస్థితీ మెరుగ్గా లేదు. ఆ మ్యాచ్‌లో జార్జియా 7 సాక్‌లు చేసింది. మూడో భాగంలో బారన్ ఇంటర్‌సెప్షన్‌ను కొట్టివేస్తూ అంపైర్ల జెండా పడగానే జనం సీసాలు మైదానంలోకి విసిరారు, తరువాత అంపైర్లు నిర్ణయం మార్చుకున్నారు, ఎస్.ఈ.సి. మన విశ్వవిద్యాలయానికి 2,50,000 డాలర్ల జరిమానా వేసింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన, నారింజ రంగు టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, ఆ సీసాలు విసిరినవారి వైపు చాలాసేపు చూశారు. ఆ నిర్ణయం మారినా గెలవలేదు కదా. డిసెంబరులో అట్లాంటాలో కార్సన్ బెక్ గాయపడ్డాడు, గనర్ స్టాక్‌టన్ దిగాడు, అయినా అదనపు సమయంలో 22-19తో వారే గెలిచారు. ఆ స్టాక్‌టనే ఇప్పుడు వారి క్వార్టర్‌బ్యాక్. 2019 తరువాత శాన్‌ఫర్డ్ స్టేడియంలో జార్జియాను ఓడించినవారు లేరు.

ఒక్క ఊరట ఉంది. నవంబరు 8న మనకు విశ్రాంతి వారం. ఏథెన్స్‌కు పోయే ముందు పద్నాలుగు రోజులు దొరుకుతాయి. ఆగస్టులో ఒకరినొకరు ఎరగని ఐదుగురు నవంబరు మధ్యకు తొమ్మిది మ్యాచ్‌లు కలిసి ఆడి ఉంటారు. నా లెక్కలో అదే అసలు ఆశ.

అంచనా అడిగితే 10-2 అంటాను. కొలంబస్‌లో గానీ ఏథెన్స్‌లో గానీ ఒకటి, అక్టోబరు ప్రయాణాల్లో ఎక్కడో ఊహించని చోట ఒకటి ఓడతాము. గెయిన్స్‌విల్ అంటే నాకు అనుమానం. నిరుడు ఆస్టిన్‌లో ఫ్లోరిడాను 49-17తో చిత్తు చేశాము, కానీ ఆ రోజు డి.జె. లాగ్‌వే గాయంతో ఆడలేదు.


మెరూన్ చొక్కా · 21 ఆగస్టు 2025, రాత్రి 7:15

9-3. మూడోది ఎవరి చేతిలోనో చెప్పనవసరం లేదనుకుంటాను.


ఆస్టిన్ గడప · 21 ఆగస్టు 2025, రాత్రి 9:30

మెరూన్ గారికి నవంబరు 28న మా ఇంట్లో భోజనం సిద్ధంగా ఉంటుంది, మ్యాచ్ ముందు గానీ తరువాత గానీ వారి ఇష్టం.

నేను 10-2 అనే అంటాను కానీ నాన్న గారితో ఒకచోట విభేదిస్తాను. ఓక్లహోమాను మనం తేలికగా తీసుకుంటున్నాము. నిరుడు కాటన్ బౌల్ స్టేడియంలో 34-3తో గెలిచామన్న ధీమా ఉంది. ఈసారి వారి క్వార్టర్‌బ్యాక్ జాన్ మటీర్ వాషింగ్టన్ స్టేట్ నుంచి వచ్చాడు, అతనికి అక్కడ పాఠాలు చెప్పిన బెన్ ఆర్బకుల్ కూడా కోచ్‌గా వెంట వచ్చాడు. గురువూ శిష్యుడూ జంటగా వచ్చినప్పుడు కొత్త ఊరు కొత్తగా ఉండదు. గెయిన్స్‌విల్‌లో ఎండకు అలసి, ఏడు రోజుల్లో డాలస్ సంతలో (స్టేట్ ఫెయిర్) సగం నారింజ, సగం ఎరుపు జనం మధ్య అడుగుపెట్టడం కొత్త వరుసకు చిన్న పని కాదు.

గోల్ లైన్ దగ్గర మాత్రం నాకు ఒక కోరిక ఉంది. ఒక్క గజం కావలసినప్పుడు సార్కీసియన్ బంతిని అంచుకు విసిరించకుండా, క్యాంప్‌బెల్ వెనుక మానింగ్ చేతనే నేరుగా దూరించాలి. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి ముందుకు వాలితేనే గజం అవుతుంది.


కొత్త విద్యార్థి · 22 ఆగస్టు 2025, ఉదయం 8:05

అందరికీ ధన్యవాదాలు. టికెట్ కొన్నాను. సెప్టెంబరు 6న శాన్ హోసే స్టేట్‌తో జరిగే మ్యాచ్‌కు వెళ్తున్నాను. బంతిని వదిలి ఒక మనిషినే చూడాలంటే ఎవరిని చూడమంటారు?


ఫ్రిస్కో నాన్న · 22 ఆగస్టు 2025, ఉదయం 8:40

బ్రాండన్ బేకర్, కుడి టాకిల్. ఈ కాలేజీలో ఇంతవరకు ఏ మ్యాచ్‌నూ మొదటి నుంచి ఆడలేదు. స్నాప్ (సెంటర్ బంతిని వెనక్కి అందించడం) అయిన వెంటనే అతని మొదటి అడుగు వెనక్కి పడుతోందా, పక్కకు పడుతోందా చూడు. నీళ్ల సీసా మరిచిపోకు, సెప్టెంబరు ఎండ మన రెంటచింతలను తలపిస్తుంది.